నల్లబల్ల ముందు పది నిమిషాలు

ఇంటర్వ్యూలు అనేక రకాలు. వాటిలో అధ్యాపక పదవికి జరిగే ఇంటర్వ్యూ తీరు వేరు. బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిన అభ్యర్థికి ఏమి తెలుసునో పరీక్షిస్తారు. కార్ఖానాలో ఇంజనీరు పదవికి వెళ్ళినవాడు ఏమి చేయగలడో ఆరా తీస్తారు. అధ్యాపక పదవికి వచ్చినవాడు మాత్రం తెలియనివారికి తెలిసేలా చెప్పగలడా అన్నది చూడవలసి ఉంటుంది. చిక్కల్లా ఇక్కడే ఉంది. తెలియనివారు ఆ గదిలో ఒక్కరూ ఉండరు! బల్లకు ఆవలివైపు కూర్చున్నవారందరూ ఆ శాస్త్రంలో తలపండినవారే. వారిని చూడగానే అభ్యర్థి తాను అధ్యాపకుడుగా వచ్చిన సంగతి మరచి విద్యార్థి అయిపోతాడు. పాఠం చెప్పవలసినవాడు పాఠం అప్పజెప్పడం మొదలుపెడతాడు.

ఆంగ్ల సాహిత్యం చదువుకుని, అనువాదాలతో కాలం వెళ్ళబుచ్చే నాకు ఇంజనీరింగు కళాశాలల ఇంటర్వ్యూలతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. బిలాస్‌పూర్‌లో కాపురమున్నవాడికి ఈ సంగతులు చెవిని పడకుండా ఉండటమే కష్టం.

ఈ ఊరిని పెంచినది రైలు. 1891లో నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే వారి మార్గం పూర్తయింది. ఆ కంపెనీ కొలువులో చేరి విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన మనవాళ్ళు ఇక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడ్డారు. తాత గ్యాంగ్‌మన్, తండ్రి ఫిట్టరో గార్డో, మనుమడు ఇంజనీరు. మూడు మాటలలో ఇదీ చాలా ఇళ్ళ వంశవృక్షం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే ప్రధాన కేంద్రమైంది. బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే. 2,980 మెగావాట్ల సీపత్ విద్యుత్కేంద్రం ఊరికి దగ్గరలోనే. ఇక ఊరి శివార్లలోని కోనీలో 1964 నాటి ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల ఉంది. 1983లో ఏర్పడి, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయమూ అక్కడే. ఇంజనీరైన మనుమడి తరువాత ఇంజనీర్లకు పాఠం చెప్పే మనుమరాలు తయారవుతున్నది. వంశవృక్షంలో ఇది కొత్త కొమ్మ.

అటువంటి అమ్మాయి ఒకతె మా వీధిలో ఉన్నది. సివిల్ ఇంజనీరింగులో ఎం.టెక్. చేసి, విద్యుత్కేంద్రాల బూడిదను కాంక్రీటులో కలపడం గురించి పరిశోధించి డాక్టరేటు తీసుకున్నది. ఆరేళ్ళుగా ఒక కళాశాలలో పీరియడుకు ఇంత చొప్పున పాఠాలు చెబుతున్నది. వేసవిలో పీరియడ్లు ఉండవు కనుక జీతమూ ఉండదు. తండ్రి వచ్చే సంవత్సరం రైల్వే నుండి పదవీ విరమణ చేయబోతున్నాడు. అప్పుడు క్వార్టరు ఖాళీ చేయాలి. ఇప్పటికి మూడు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్ళి వచ్చింది, మూడు చోట్లా రాలేదు. నాలుగవ దానికి పిలుపు వచ్చినప్పుడు కాగితాల కట్టతో మా ఇంటికి వచ్చి, “బాబాయిగారూ, నా ఇంగ్లీషు కాస్త సరిచేసి పెట్టండి” అన్నది.

ఇంగ్లీషు సరిగానే ఉంది. లోపం భాషది కాదని పది నిమిషాలలోనే తెలిసింది. ఆ సంగతికి వచ్చే ముందు నియమాల గురించి రెండు మాటలు చెప్పాలి. వీటి విషయంలో అభ్యర్థులలో ఉన్న అపోహలు ఇన్నీ అన్నీ కావు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో వెలువరించిన నియమావళిలో, విశ్వవిద్యాలయాలలో సహాయ ఆచార్య పదవికి అభ్యర్థులను ఏరడానికి 100 మార్కుల పట్టిక ఒకటి ఉంది. డాక్టరేటుకు 30, పోస్టుగ్రాడ్యుయేషన్‌కు గరిష్ఠంగా 25, డిగ్రీకి 15. పరిశోధన పత్రానికి రెండేసి మార్కులు. అయితే పదికి మించవు. అంటే అయిదు పత్రాలు దాటిన తరువాత ఆరవది ఆ పట్టికలో లెక్కకు రాదు. అనుభవానికీ అంతే, ఏడాదికి రెండు, మొత్తం పది. ఈ మార్కులు ఇంటర్వ్యూ గది గుమ్మం వరకే పనికివస్తాయనీ, ఎంపిక మాత్రం ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభను బట్టే జరగాలనీ ఆ నియమావళి స్పష్టంగా చెబుతున్నది. ఇరవై పత్రాలున్నవాడు బయటికి వచ్చి, అయిదు పత్రాలున్నవాడికి ఉద్యోగం ఎలా వచ్చిందని వాపోవడం మనం తరచు వింటాము. అన్యాయాలు జరగవని నేను అనను. కాని ప్రతి సందర్భమూ అన్యాయం కాదు. తరగతి గదిలో మాదిరిగా ఒక పాఠం చెప్పించి బోధనాశక్తిని అంచనా వేయవచ్చునని కూడా ఆ నియమావళిలోనే ఉంది. ఎంపిక సంఘంలో వైస్‌చాన్సలర్, డీన్, శాఖాధిపతి మొదలైనవారితో పాటు ఆ విషయంలో నిపుణులు ముగ్గురు ఉంటారు. బయటినుండి వచ్చిన నిపుణులు కనీసం ఇద్దరైనా లేనిదే కోరం పూర్తికాదు. సాంకేతిక విద్యా మండలి 2019 నిబంధనలలో ఇంజనీరింగు సహాయ ఆచార్యునికి బి.టెక్., ఎం.టెక్.లలో ఏదో ఒకదానిలో ప్రథమ శ్రేణి ఉండాలన్నారు. మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. పీరియడు లెక్కన బతికేవారికి ఈ అంకె ఎంత దూరాన కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ అమ్మాయి పాఠం. ఇంటర్వ్యూలో ఏదైనా ఒక అంశం పది నిమిషాలు బోధించమంటారని పిలుపులో రాశారు. ఆమె “ప్రతిబలము, వికృతి” అనే అంశం ఎంచుకున్నది. ఇంగ్లీషులో స్ట్రెస్, స్ట్రెయిన్ అంటారు. మా వసారాలో పిల్లల నల్లబల్ల ఒకటి ఉంటే దాని మీద మొదలుపెట్టింది. మొదటి నిమిషంలో నిర్వచనం, రెండవ నిమిషంలో సూత్రం, మూడవ నిమిషంలో గ్రీకు అక్షరాలు. అయిదవ నిమిషానికి బల్ల నిండిపోయింది. తప్పు ఒక్కటీ లేదు. పక్కనే కూర్చుని వింటున్న తొమ్మిదవ తరగతి కుర్రవాడికి మాత్రం ఒక్క ముక్కా ఎక్కలేదు.

“అమ్మా, ఇదంతా నీకు తెలుసునని వారికి తెలుసు. కాగితాల మీద చూసే పిలిచారు. వీడికి చెప్పు,” అన్నాను.

“వాళ్ళు ఆచార్యులు కదండీ బాబాయిగారూ, వాళ్ళ ముందు చిన్నపిల్లల పాఠం చెబితే తేలికగా చూడరూ?” అన్నది.

ఈ భయం ఆమె ఒక్కదానిదే కాదు. అమెరికాలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్తను గురించి ఆయన సహోద్యోగి ఒకరు చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది. కణాల స్వభావానికి సంబంధించిన ఒక క్లిష్టమైన విషయం వివరించమంటే, దాని మీద మొదటి సంవత్సరం విద్యార్థులకు ఉపన్యాసం తయారుచేస్తానన్నాడట. కొద్ది రోజుల తరువాత వచ్చి, ఆ స్థాయికి తేలేకపోయాననీ, అంటే ఆ విషయం మనకింకా నిజంగా అర్థం కాలేదన్నమాటేననీ చెప్పాడట. 1965లో నోబెల్ బహుమతి అందుకున్న మనిషికి లేని నామోషీ మనకెందుకు?

“మీ తాతగారు ఏం చేసేవారు?” అని అడిగాను. సంగతి నాకు తెలియక కాదు.

“కీమన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ లైను వెంట నడిచేవారు.”

“వేసవిలో ఏమి చూసేవారు?”

ఆమె కొంచెంసేపు ఆగింది. ఆ తరువాత బల్ల తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పాఠం నాకే అర్థమైంది. అందుచేత పాఠకుల ముందు పెట్టే సాహసం చేస్తున్నాను.

పాతకాలపు రైలుపట్టాల మధ్య సందు వదిలేవారు. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే ఆరు మిల్లీమీటర్లకు కొంచెం పైగా సాగుతుంది. సందు ఉన్నది కనుక హాయిగా సాగుతుంది. లోపల ఏ ఒత్తిడీ లేదు. ఆకారం మారింది, అదే వికృతి. బలం మాత్రం పుట్టలేదు. ఇప్పుడు ఆ సందులు లేకుండా పట్టాలను పొడవుగా అతికి వేస్తున్నారు. మనకు అలవాటైన ఆ టకటక చప్పుడు చాలా మార్గాలలో వినిపించకపోవడానికి కారణం అదే. ఆ పట్టా నడుమ భాగం ఎటూ సాగలేదు. పొడవు మారదు. కాని సాగనీయకుండా ఆపినందుకు లోపల బలం పుడుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో, అదే 40 డిగ్రీల వేడికి, రెండు వైపుల నుండి సుమారు 75 టన్నులతో నొక్కినంత! మొదటి పట్టాలో వికృతి ఉంది, ప్రతిబలం లేదు. రెండవ దానిలో ప్రతిబలం ఉంది, పొడవులో వికృతి లేదు. తాతగారు మండుటెండలో చూసినది, ఆ 75 టన్నులు పట్టాను పక్కకు వంచుతున్నదేమోనని.

తొమ్మిదవ తరగతి కుర్రవాడు, “మరి చివరలో ఏమవుతుంది? అక్కడ ఆపేది ఎవరు?” అన్నాడు.

ఏ నిపుణుడైనా అడగవలసిన ప్రశ్న అదే. అతికిన పట్టాకు రెండు కొసలలోనూ సుమారు వంద మీటర్ల మేర కదలిక ఉంటుందనీ, రైల్వేవారు దానిని ఊపిరి తీసే భాగం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారనీ ఆమె చెప్పింది. ఇంజనీర్లలో కవులుంటారని నాకు అంతకుముందే అనుమానం. ఆవేళ రుజువు దొరికింది.

మాటల ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. స్ట్రెస్, స్ట్రెయిన్ అనే రెండు మాటలకూ వ్యవహారంలోని ఇంగ్లీషులో ఇంచుమించు ఒకే అర్థం. అందుకే పిల్లలు తడబడతారు. మన పాఠ్యపుస్తకాలలోని వికృతి అనే మాటను తీసుకోండి. వ్యాకరణం చదువుకున్నవారికి ప్రకృతి, వికృతి తెలుసు. రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి. మాట రూపు మారింది, అంతే. పట్టా రూపు మారితే అదీ వికృతే. ఇంతకంటే చక్కని వివరణ ఇంగ్లీషులో దొరకదు. రైల్వే కాలనీ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. దీనిని వారు లోపమనుకుని ఇంటర్వ్యూలో దాచుకోబోతారు. ఒక విషయాన్ని మూడు భాషలలో చెప్పి చూసుకున్నవాడికి తనకు ఎక్కడ అర్థం కాలేదో తెలిసిపోతుంది. అనువాదకులకు ఇది రోజూ అనుభవమే. అర్థం కాని వాక్యాన్ని చదువుతూ దాటిపోవచ్చును గాని అనువదిస్తూ దాటిపోలేము.

పాఠం తరువాత అడిగేది సిద్ధాంత గ్రంథం గురించి. అయిదేళ్ళు చేసిన పరిశోధన గనుక అందులో భయం లేదనుకుంటారు. నిజానికి ఎక్కువమంది జారేది ఇక్కడే. ఏమి చేశావని ఎవరూ ఎక్కువసేపు అడగరు. ఆ పద్ధతే ఎందుకు, వేరొకటి ఎందుకు కాదు, నీ ఫలితం ఎక్కడ పనిచేయదు, మా కళాశాలలో ఉన్న యంత్రాలతో ఈ పని కొనసాగించగలవా అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్నకు జవాబు పుస్తకాలలో ఉండదు. వెళ్ళబోయే కళాశాల ప్రయోగశాలలో ఏమున్నదో ముందుగా కనుక్కోవలసిందే. కాంక్రీటు దిమ్మలను నొక్కి చూసే యంత్రం దాదాపు ప్రతి కళాశాలలోనూ ఉంటుంది. ఇక మన దేశపు బొగ్గును కాలిస్తే మూడవ వంతుకు అటూ ఇటూగా బూడిదే మిగులుతుంది కనుక ఈ ప్రాంతంలో ముడిసరుకుకు కొదవ లేదు. రెండు లక్షల రూపాయలలో, ఇద్దరు విద్యార్థులతో, ఒక సంవత్సరంలో ఏమి చేయగలదో ఒక పేజీలో రాసుకోమన్నాను. కోటి రూపాయల యంత్రం కొనిపెడితే అద్భుతాలు చేస్తానని చెప్పే అభ్యర్థిని చూసి శాఖాధిపతికి ముచ్చట వేయదు.

గుణనిర్ణయ మండలి, వాషింగ్టన్ ఒప్పందం వంటి మాటలు కూడా ఈ మధ్య ఇంటర్వ్యూలలో వినిపిస్తున్నాయి. 2014లో మన దేశం ఆ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. అప్పటినుండి ఏ పాఠం వల్ల విద్యార్థికి ఏ సామర్థ్యం అలవడాలో ముందే రాసి, చివరకు కొలిచి చూపవలసి వస్తున్నది. ఆ పదజాలం బట్టీపట్టినవారు చాలామంది ఉన్నారు. తమ పాఠం ఒకదానికి దానిని అన్వయించి చూపగలిగినవారు తక్కువ. నల్లబల్ల వాడుక తెలియనివారు ఐ.ఐ.టి.ల ఆచార్యుల పాఠాలను ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఉచితంగా చూడవచ్చు. చెప్పే విషయాన్ని కాక చేతిని చూడాలి. ఎక్కడ రాస్తారు, ఎప్పుడు చెరుపుతారు, రాస్తున్నంతసేపు మాట్లాడతారా లేదా అన్నవి గమనించాలి.

తెలియనిదానికి తెలియదనడం మరొక విద్య. ఒట్టి తెలియదు కాకుండా, “ఇంతవరకు తెలుసు, ఇక్కడినుండి ఇలా ఆలోచిస్తాను” అనగలగాలి. తరగతిలో రేపు విద్యార్థి అడిగినప్పుడు చెప్పవలసిన జవాబూ ఇదే కనుక, బల్లకు ఆవలివైపువారు దీనిని అజ్ఞానంగా లెక్కించరు. లెక్కించేవారు ఉంటే ఉండవచ్చు. వారి సంగతి మనం చేయగలిగినది ఏమీ లేదు.

మిగిలినవి చిల్లర విషయాలు. కాని చిల్లర లేక రైలు టిక్కెట్టు దొరకనివారు ఉంటారు. అసలు పత్రాలు దరఖాస్తులో రాసిన వరుసలోనే పెట్టుకోవాలి. ప్రభుత్వ కొలువులో ఉన్నవారు నిరభ్యంతర పత్రం ముందే తీసుకోవాలి. దరఖాస్తులో చూపిన ప్రతి సంవత్సరపు అనుభవానికీ కాగితం ఉండాలి. మా అమ్మాయికి ఆరేళ్ళలో రెండేళ్ళకు సంబంధించిన పత్రం ఆ కళాశాలవారు ఇంకా ఇవ్వలేదు. దానికోసం మూడు సార్లు తిరిగింది.

నాలుగవ ఇంటర్వ్యూ నవంబరులో జరిగింది. పాఠం మధ్యలో ఒక నిపుణుడు లేచి వచ్చి, ఆమె చేతిలోని సుద్దముక్క తీసుకుని బల్ల మీద పట్టా కొస గీసి, అక్కడ ఏమవుతుందని అడిగాడట. ఎంపిక జాబితాలో ఆమె పేరు లేదు. నిరీక్షణ జాబితాలో మొదటిది ఆమెది. ఫిబ్రవరిలో మరొకచోటికి పిలుపు వచ్చింది. ఈసారి నీటి పీడనం మీద పాఠం తయారుచేస్తున్నది. తొమ్మిదవ తరగతి కుర్రవాడికి పరీక్షలు కనుక, వినడానికి వాళ్ళ అమ్మ వస్తున్నది.