ఆవకాయ మిగిలింది, మాట ఏదీ?

ఈ మధ్య సొంత పని మీద బరంపురం నుంచి అస్కా, కవిసూర్యనగర్ మీదుగా పొలసర వెళ్లాను. పని తెమిలేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. రోడ్డు పక్క ఒక భోజనం హోటల్లో దూరాను.

ఊరు కాని ఊళ్లో ఒక్కడూ కూర్చుని తినడం మనవాళ్లకి నామోషీ. "ఇంట్లో క్యారేజీ కట్టివ్వలేదా?" అంటారు. నేనొప్పుకోను. 60 రూపాయలకి పొగలు కక్కే అన్నం, డాల్మా, ఆకుకూర వేపుడు, టమాటా ఖట్టా, అడిగినన్ని మార్లు అన్నం. పప్పులో కూరముక్కలు వేసి ఉడికించిన డాల్మాని 'నీళ్లపప్పు' అని వెక్కిరించే పెద్దమనుషులు ఒకసారి ఆకలి మీద తిని చూడాలి.

అయితే నా గొడవ రుచి గురించి కాదు.

నా ఎదుటి కుర్చీలో నడివయసు ఆసామీ ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఆయనా ఒంటరే. ఒడియాలో భోజనం చెప్పి, సంచిలోంచి చిన్న సీసా తీశాడు. మూత తియ్యగానే తెలిసిపోయింది, ఆవకాయ! నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరండీ తమది?" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, "బ్రహ్మపురొ" అన్నాడు. తెలుగులో ఇంకో రెండు ప్రశ్నలడిగాను. రెంటికీ ఒడియాలోనే జవాబు. అడక్కుండానే నా పళ్లెంలో ఒక ముక్క ఊట వేశాడు, పాపం. ఆవకాయ పంచగలిగాడు గాని మాట పంచలేకపోయాడు.

ఇంతలో హోటలాయన బకెట్టు పట్టుకొచ్చాడు. "ఇంకొంచెం అన్నం వెయ్యమంటారా?" అన్నాడు, తెలుగులో! ఆయన ఒడియావాడే. విశాఖపట్నంలో కొన్నాళ్లు పనిచేశాట్ట. చుట్టూ ఒక్కడూ తలెత్తి చూడలేదు.

మరి నా ఎదుటి మనిషి ఎవరికి భయపడ్డట్టు?

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడివడి ఒడిశాలో కలిసింది. ఆనాటి నుంచీ తెలుగు బడి కావాలి, తెలుగు పంతులు కావాలి అంటూనే ఉన్నాం. అడగవలసిందే. పసిపిల్లలకి తల్లిభాషలో చదువు చెప్పించే ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగం 350 ఏ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. కాని అర్జీలో రాసుకున్న తెలుగుని అన్నం దగ్గర మింగేసేవాళ్లకి ఏ సర్కారు ఏం ఇచ్చి నిలబెట్టగలదు?

"ఒడియా నాట ఒడియా మాట్లాడటం తప్పా?" అంటారు. కానే కాదు. రాకపోతే నేర్చుకోవాలి కూడా. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి నిఘంటువే కూర్చారు. అందువల్ల ఆయన తెలుగేమీ తరిగిపోలేదు. ఇరుగుపొరుగు భాష నేర్వడం మర్యాద. తెలుగులో పలకరించిన తెలుగువాడికి తెలుగులో బదులివ్వకపోవడం పిరికితనం. ఈ రెండూ ఒకటి కావు.

నేనూ శుద్ధుణ్ణి కాను. ఆ హోటల్లో అడుగుపెడుతూనే ఒడియాలో అడిగినవాణ్ణే. ఆవకాయ వాసన తగలకపోతే నేనూ మూగవాడిలా తిని లేచిపోయేవాణ్ణి.

ఆవకాయ ఏడాదికోసారి కలిపి జాడీలో దాచుకుంటే నిలవుంటుంది. భాష అలా నిలవుండదు, రోజూ వాడాలి. ఈసారి పొలసర వెళితే "మారు అన్నం వెయ్యండి" అని తెలుగులోనే అడుగుతాను. అర్థం కాకపోతే ఒడియాలో అడుగుతాను. ముందు అడిగి చూడాలిగా!