అలసటకూ కులముంది

దక్షిణ కొరియాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన తత్వవేత్త బ్యుంగ్-చుల్ హాన్ రచన ‘బర్నౌట్ సొసైటీ’ని ఇటీవల తరగతిలో చర్చించాం. నేటి మనిషిని పీల్చి పిప్పి చేస్తున్నది యజమాని కొరడా కాదు, ‘ఇంకా సాధించగలను’ అనే సొంత తపనేనని 2010లో వెలువడిన ఆ గ్రంథ సారం. చర్చ ముగిశాక ఒక దళిత పరిశోధక విద్యార్థి అడిగాడు: ‘సార్, మా అమ్మ తెల్లవారకముందే వీధులు ఊడుస్తుంది. ఆమె అలసట ఈ పుస్తకంలో ఎక్కడుంది?’

నా వద్ద జవాబు లేదు. ఆమె చేతికి చీపురునిచ్చింది తపన కాదు, పుట్టుక. కులం పనులనే కాక పనిచేసే మనుషులనూ అంతస్తులుగా విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే విశ్లేషించారు. ఆ మెట్లపై విశ్రాంతి పైకి, అలసట కిందికి చేరాయి.

ఆ విద్యార్థి అలసట మరో రకం. తోటివారు పరీక్ష కోసం చదివితే చాలు. అతడు ‘రిజర్వేషన్ సీటు’ అన్న ఎత్తిపొడుపుకు సమాధానంగా కూడా చదవాలి. విశ్రమిస్తే సోమరి అంటారు, తడబడితే ప్రతిభ లేదంటారు. హాన్ చెప్పిన స్వీయపీడన ఇక్కడా ఉంది. కాని లోపల తరిమే ఆ గొంతు అతడిది కాదు, సమాజానిది.

అంబేడ్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉండగా, 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణ వారపు పని గంటలను 54 నుంచి 48కి తగ్గించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఉత్పాదకత పేరిట పెరిగే ప్రతి గంటా ముందుగా ఎవరి వెన్నుపై పడుతుందో అడగడం మన బాధ్యత. విశ్రాంతి ధ్యాన శిబిరాల్లో కొనుక్కునే సౌకర్యం కాదు; అది సమానత్వంలో భాగమైన హక్కు.