తలిదండ్రు లడుగని ప్రశ్న

మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు మమ్ము తఱచుగా నడుగునది యొక్కటే: "అయ్యా, మావాడేమియు తినడు, పాలలో గలుపుట కే పొడి మంచిది?" వారి వాత్సల్యమును మేము శంకింపము. కాని యట్టి పొడులలో పెక్కింటియందు చక్కెరయే మెండని చెప్పక తప్పదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లని బియ్యమున నది పదికి మించదు. అయినను రాగిజావ నేడు పెక్కిండ్లలో ముసలివారి పథ్యమైపోయినది!

ఇక మమ్ము నొవ్వజేయు సంగతి. ఈ ప్రశ్న కొడుకులనుగూర్చియే వినబడుచున్నది. కూతునిగూర్చి యడుగువా రరుదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కనబడినది; ఆ యీడు బాలురలో 31 మందికి. నెలనెలా రక్తము పోవు దేహమునకు ఇనుము మఱింత కావలసియుండగా, ఇంటనున్న గ్రుడ్డొక్కటే యైనప్పుడు అది యెవరి కంచములో పడుచున్నదో తల్లులకు తెలియును. ఉదయమున టీ మాత్రము త్రాగి వచ్చి, ప్రార్థనవేళ కన్నులు తిరిగి కూలబడు బాలికలను మేము చూచుచున్నాము. వారికి డబ్బాపొడి యక్కఱలేదు. తోటకూరపప్పో మునగాకో పెట్టి, భోజనముతో టీ మాన్పించి, ఒక జామపండు చేతికీయవలెను. తిన్న యినుము ఒంటబట్టుటకు టీ యడ్డు, జామ తోడు.

ఇకమీదట తలిదండ్రులు మాయొద్దకు వచ్చినపుడు, కూతురు ప్రొద్దున నేమి తిన్నదో మేమే ముందుగా నడుగుదుము.