ఆకలిని అణచు సూది

పొట్ట పోసికొనుటకై నలుదెసలనుండి యువజనులు చేరిన సైబరాబాదున నేడు ఆ పొట్టయే పెద్ద చిక్కై కూర్చున్నది. 1998లో సైబర్ టవర్స్ వెలసిననాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి లక్షలమందికి జీవనాధారములైనవి. ఆ జీవన మెట్టిదో హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో కూడి 2025లో ప్రకటించిరి. పరీక్షింపబడిన 345 మంది ఐటీ ఉద్యోగులలో నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు పేరుకొనియున్నది. నూటికి 71 మంది స్థూలకాయులు.

ఆ యేటనే మార్చిలో మౌంజారో, జూనులో వెగోవీ యను సూదిమందులు మన దేశపు విపణికి వచ్చినవి. 2026 మార్చిలో సెమాగ్లూటైడు పేటెంటు గడువు తీరుటతో దేశీయ కంపెనీలకును త్రోవ తెరచుకొన్నది. ఖరీదు తగ్గుట మేలే. కాని చౌకయైన మందు జాగ్రత్తను గూడ చౌక చేయరాదు.

ఈ మందు చేయు పని యేమి? మనము భుజించినపుడు ప్రేవులలో జీఎల్‌పీ-1 అను హార్మోను పుట్టును. అది ఇన్సులిను స్రావమును హెచ్చించును. జీర్ణకోశమునుండి ఆహారము ముందునకు సాగుటను మందగింపజేయును. మెదడునకు 'ఇక చాలు' నను వార్త నందించును. సహజమైన హార్మోను కొద్ది నిమిషములలోనే నశించును. దాని ననుకరించు సెమాగ్లూటైడు సగము తరుగుటకే వారము పట్టును. కడుపు నిండినట్లుండుటకును, తిండిపై ధ్యాస తగ్గుటకును ఇదియే కారణము. వికారము, వాంతులు, మలబద్ధకము కలుగుటయు నిందువలననే. మోతాదును మెల్లమెల్లగా పెంచుట యందుకే.

2021లో ప్రకటితమైన పరీక్షలో 68 వారములకు సగటున నూటికి 15 పాళ్ల బరువు తగ్గినది. మందు మానినవారిని ఏడాదిపాటు గమనింపగా, తగ్గినదానిలో మూడింట రెండువంతులు తిరిగి వచ్చినది. దీనినిబట్టి మందు దండుగ యనువారు పొరబడుచున్నారు. రక్తపుపోటు మందు మానిన పోటు పెరుగదా? స్థూలకాయము తిండిపోతుతనమునకు శిక్ష కాదు, దీర్ఘవ్యాధి యని యిందు తేలుచున్నది. రోగిని పరిహసించుట మానుదము.

అయినను పెండ్లినాటికి సన్నబడవలెనని, వైద్యుని చీటి లేకయే యీ సూదికై వెదకుట ప్రమాదము. తగ్గు బరువులో కండయు కొంత యుండును. అసలే మన విస్తరిలో అన్నము హెచ్చు, మాంసకృత్తులు తక్కువ. ఆకలి సన్నగిల్లినపుడు రెండు ముద్దలు చారన్నముతో లేచినచో కండ కరగక యేమగును? పప్పు, గ్రుడ్డు, పెరుగు ముందు తినవలెను, వ్యాయామము విడువరాదు. శస్త్రచికిత్సకు పోవువారు మత్తుమందు వైద్యునకు ఈ సంగతి ముందే తెలుపవలెను. ఆహార మింకను కడుపున నిలిచియుండవచ్చును.

ఇంతకును అమెరికా గడియారమున కనుగుణముగా రాత్రులు మేలుకొని, గంటలకొలది కదలక కూర్చుండి, అర్ధరాత్రి బిరియానీతో ఆకలి తీర్చుకొను బ్రతుకు ఏ సూదితో మారును? ఔషధ విక్రయమును ప్రభుత్వము కట్టుదిట్టము చేయవలెను. పనివేళలను, భోజనశాలలను కంపెనీలు సరిదిద్దవలెను. ఆకలి నణచుట వైద్యుని పని. ఆకలివేళకు తగిన యన్నము, నిద్రవేళకు నిద్ర దొరకునట్లు చూచుట యజమానుల పని. మొదటిది రెండవదానికి బదులు కానేరదు.