కెమెరా ఎవరి చేతిలో?

మంచిర్యాల జిల్లా కాసిపేట బొగ్గు గనుల చుట్టుపక్కల గోండు, కొలాం గూడేలున్నాయి. అక్కడి పిల్లలు ఎందరు డిగ్రీలో చేరారో ప్రభుత్వ సర్వేలు లెక్కగడతాయి. చేరాక ఏ బెంచీలో కూర్చున్నారో, హాస్టల్లో సొంత భాష మాట్లాడటం ఎప్పుడు మానేశారో చెప్పవు. ప్రశ్నావళి అడిగేవాడికి తోచిందే అడుగుతుంది మరి. 1990లలో పరిశోధకులు కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యునాన్ గ్రామీణ మహిళలకు కెమెరాలిచ్చి, వాళ్లు తీసిన ఫొటోలపై వాళ్లచేతే మాట్లాడించారు. మన గిరిజన విద్యార్థులతో చేయాల్సిన పరిశోధన అదే. 1940లలో మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ తీసిన ఆదిలాబాద్ గోండుల ఫొటోలు అమూల్యమే, కానీ ఆ చూపు ఆయనది.

ఫొటో సాక్ష్యమెలా అవుతుందని అడగొచ్చు. ఒంటరిగా కాదు. ఖాళీ బస్టాపు బొమ్మ మనకు బస్టాపే. తీసిన అమ్మాయి చెబితేనే అది తప్పిపోయిన మొదటి పీరియడ్ అని తెలుస్తుంది. ఆ మాటే అసలు సమాచారం. తోటివారి ముఖాలు పడితే చిక్కే కాబట్టి అనుమతి లేనిదే ప్రదర్శించకూడదు, ఇచ్చిన ఫొటోను వెనక్కి తీసుకునే హక్కూ ఉండాలి. గట్టి అభ్యంతరం వేరు: చూశాక ఏం చేస్తారు? అందుకే ప్రదర్శనకు కాలేజీ ప్రిన్సిపాళ్లూ ఉట్నూరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులూ వచ్చి, అక్కడే విద్యార్థులకు జవాబు చెప్పాలి.