లాభమేమని అడిగేవారికి

కొన్నాళ్లుగా మన చదువుకున్న ఇళ్లలో ఒక మాట తరచు వినిపిస్తున్నది. ఆటిజం లోపం కాదట, వరమట. రాతి పనిముట్టు చెక్కినవాడు, చుక్కలు లెక్కపెట్టినవాడు, పంచాంగం కట్టినవాడు అందరూ ఆ కోవవారేనట. వారే లేకపోతే మానవజాతి ఇంకా గుహల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉండేదట.

మొన్న మదురైలో ఒక పెళ్లిపందిట్లో, రిటైరైన ఇంజనీరుగారొకరు అరగంటసేపు ఇదే ఉపన్యసించారు. పక్క కుర్చీలో ఒక తల్లి కూర్చుని ఉన్నది. నాదస్వరం హోరుకు ఆమె పదకొండేళ్ల కొడుకు రెండు చెవులూ మూసుకుని లేచి పోబోతుంటే ఒడిసి పట్టుకుని ఉన్నది. "మీవాడు దేంట్లో దిట్టమ్మా? లెక్కల్లోనా, బొమ్మల్లోనా?" అని ఆయన అడిగారు. ఆమె ఏమీ చెప్పలేకపోయింది. ఆ పిల్లవాడికి లెక్కలూ రావు, బొమ్మలూ రావు. ఇంజనీరుగారు మంచివారే. ప్రశ్న మాత్రం మంచిది కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో పద్దులు చూసుకునేవాణ్ణి. జీవశాస్త్రం నా చదువు కాదు. అయితే ఎవరైనా అప్పుకు వస్తే, ఎంత అడుగుతున్నారు, దేన్ని హామీగా చూపుతున్నారు అని చూడడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. ఈ సిద్ధాంతం చూపే హామీ కొంచెం, అడిగే అప్పు కొండంత.

ఉన్నంతవరకు హామీ ఏమిటో న్యాయంగా చెప్పుకుందాం. ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయపు పురావస్తు శాస్త్రవేత్త పెన్నీ స్పికిన్స్ వాదన ఇది: సుమారు లక్ష ఏళ్ల కిందట మనుషుల గుంపులు ఒకరినొకరు ఆదుకోవడం నేర్చాయి, అప్పుడు నలుగురిలో కలవకపోయినా చిన్న వివరాన్ని కూడా వదలని మనిషికి గుంపులో చోటు దొరికింది, వాడి పనితనం గుంపుకు ఉపయోగపడింది. కేంబ్రిడ్జిలోని సైమన్ బారన్-కోహెన్ 2020లో రాసిన పుస్తకంలో ఇంకా ముందుకు పోయి, కొత్తది కనిపెట్టే మానవ బుద్ధికీ ఆటిజానికీ మూలం ఒకటేనన్నాడు. జన్యువుల వైపు నుంచీ కొంత ఉన్నది. 2017లో యేల్ విశ్వవిద్యాలయంవారు, ఆటిజంతో ముడిపడిన సాధారణ జన్యుభేదాలు కొన్ని పరిణామక్రమంలో పోగొట్టుకోబడక, పైగా నిలుపుకోబడినట్లు కనబడుతున్నదని ప్రకటించారు. 2025లో స్టాన్‌ఫర్డ్‌లో స్టార్, ఫ్రేజర్ అనేవారు, మెదడు పైపొరల్లోని ఒక రకం కణాలు తక్కిన వానరాలలో కంటే మనిషిలో చాలా వేగంగా మారాయనీ, ఆ మార్పులో ఆటిజంతో సంబంధమున్న జన్యువులు ఉన్నాయనీ చూపారు. మనిషి మెదడు మనిషి మెదడు కావడానికి కట్టిన సుంకంలో ఇదొక భాగం కావచ్చునన్నది వారి ఊహ.

కావచ్చును. ఈ "కావచ్చును"ను శాస్త్రవేత్త జాగ్రత్తగా రాస్తాడు, పెళ్లిపందిట్లో అది జారిపోతుంది. పైగా ఇవతలి పద్దు ఎవరూ చదవరు. ఆటిజానికి కారణమయ్యే మార్పుల్లో తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టేవి కొన్ని ఉన్నాయి. తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువగా వీటితోనే వస్తాయి. స్వీడన్‌లో లక్షల కుటుంబాల లెక్కలు తీసి 2013లో ప్రకటించినదాని ప్రకారం ఆటిజం ఉన్నవారికి సంతానం తక్కువ. అంటే ప్రకృతి ఒక చేత్తో నిలుపుతున్నది, ఒక చేత్తో తుడిచేస్తున్నది. ఇందులోనుంచి "నాగరికతను కట్టింది వీరే" అనే మాట ఎలా వస్తుంది?

1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు ఒక రాతి గొడ్డలి దొరికింది. తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో దొరికిన పనిముట్లు కొన్ని 3,85,000 ఏళ్ల నాటివని 2018లో తేల్చారు. ఆ రాయిని చెక్కిన చెయ్యి ఓపిక గలది, సందేహం లేదు. ఆ చేతిగలవాడు పెళ్లిళ్లలో నలుగురితో కలిసి నవ్వేవాడో, చెవులు మూసుకునేవాడో రాయి మీద రాసి లేదు.

చచ్చిపోయినవారికి జబ్బు చీటీలు రాయడం మరీ విడ్డూరం. న్యూటన్‌కు రాశారు, ఐన్‌స్టైన్‌కు రాశారు. ఈరోడులో పుట్టి కుంభకోణంలో పెరిగిన రామానుజన్‌కు మైకేల్ ఫిట్జెరాల్డ్ అనే ఐర్లండు వైద్యుడు 2004లో రాశాడు. రేపు మన జి.డి. నాయుడుగారికీ రాస్తారు. 1893లో కలంగల్‌లో పుట్టారు, బడి నచ్చలేదు. హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి ఒక మోటారు సైకిలు కొని, దాన్ని మరమరకూ విప్పి మళ్లీ బిగించారు. 1920లో పొల్లాచ్చి-పళని మధ్య బస్సు తోలారు. చీటీ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మరి వందలమందిని పోగుచేసి పని నేర్పించినది, కోయంబత్తూరులో పాలిటెక్నిక్ పుట్టడానికి కారకులైనది, దేశదేశాలు తిరిగి నలుగురితో స్నేహం చేసినది ఏ చీటీలో వేస్తారు? అవినాశి రోడ్డు వంతెనకు 2025లో ఆయన పేరు పెట్టారు. అది చాలు, జబ్బుకు కూడా ఆయన పేరే కావాలా? రామానుజన్ విషయంలో నాకు గుర్తుండేది మద్రాసు పోర్టు ట్రస్టులో పద్దులు చూసిన నారాయణయ్యర్. కింది గుమాస్తా రాసే లెక్కలను పక్కన కూర్చుని ఓపికగా చదివిన ఆ పై అధికారి వంటివారిని గురించి ఎవరూ సిద్ధాంతాలు కట్టరు.

ఈ గొప్పవారి జాబితా వల్ల నష్టమేమిటి, పోనీ తల్లిదండ్రులకు ధైర్యం కదా అంటారు. నష్టమున్నది. నాటింగ్‌హాంలో నదియా అనే పిల్ల మూడేళ్ల వయసులోనే, మాట సరిగా రాకుండానే, పరుగెత్తే గుర్రాలను అద్భుతంగా గీసింది. ఆ బొమ్మలు ఫ్రాన్సులోని షోవే గుహచిత్రాల్లాగే ఉన్నాయని 1998లో నికొలస్ హంఫ్రీ ఎత్తిచూపాడు. తరువాత ఆమెకు కొన్ని మాటలు వచ్చాయి, బొమ్మల నేర్పు సన్నగిల్లింది. బొమ్మతోనే బిడ్డ విలువ కట్టేవాడికి, బిడ్డ "అమ్మా" అన్న రోజు నష్టం రాసుకోవలసిన రోజవుతుంది.

ఇంకా లోతుకు పోతే వియన్నా వస్తుంది. ఆటిజానికి రాసిన తొలి వైద్యులలో ఒకడైన హాన్స్ ఆస్పెర్గర్ తన 1944 వ్యాసంలో కొందరు పిల్లల ప్రత్యేక ప్రతిభను మెచ్చుకున్నాడు, సమాజానికి పనికివస్తారన్నాడు. అది నాజీల కాలం. పనికిరారని తేల్చిన పిల్లలను అదే ఊళ్లోని ఆమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థలో చంపేవారు; అక్కడ సుమారు 800 మంది పిల్లలు పోయారు. ఆస్పెర్గర్ కూడా అక్కడికి పిల్లలను పంపాడని హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు 2018లో పత్రాలు చూపి రుజువు చేశాడు. మన ఇంజనీరుగారు అలాంటి మనిషి అని నేననడం లేదు, రామ రామ! కానీ "వీడివల్ల లాభమేమిటి" అని ఒకసారి పుస్తకం తెరిచినాక, జమ రాసే పేజీ ఒక్కటే ఉండదు. లాభం చూపలేనివాడి పేరు ఎక్కడ రాస్తారో ముందే ఆలోచించుకోవాలి.

నాగరికతకు నిజమైన గుర్తు కావాలంటే ఎముకల్లో దొరుకుతుంది. ఇరాక్‌లోని శానిదార్ గుహలో 1957లో తవ్వి తీసిన నియాండర్తల్ మనిషికి ఒక చెయ్యి ఎండిపోయింది, ఒక కన్ను దెబ్బతిన్నది. ఆ గాయాలు మానిన తరువాత కూడా ఏళ్ల తరబడి బతికాడు. ఎవరో తిండి పెట్టారు. స్పెయిన్‌లో కోవా నెగ్రా గుహలో దొరికిన ఒక బిడ్డ చెవి ఎముకను పరీక్షించి, ఆ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండేదని 2024లో ప్రకటించారు. ఆ ఎముక లక్షా నలభై వేల ఏళ్లకు పైబడినది. బిడ్డ ఆరేళ్లయినా బతికింది. అంతటి బిడ్డను ఆరేళ్లు సాకాలంటే ఒక్క తల్లి చాలదు, గుంపంతా చెయ్యి వెయ్యాలి. ఆ బిడ్డ గొడ్డలి చెక్కలేదు, చుక్కలు లెక్కపెట్టలేదు. స్పికిన్స్ వాదనలో కూడా నాకు గట్టిగా కనిపించే భాగం ఈ ఆదరణే. దాన్ని వదిలేసి మనవాళ్లు ప్రతిభ ఒక్కటీ పట్టుకున్నారు.

ఇదంతా తెలుగు పత్రికలో ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. "లాభమేమిటి" అన్న ప్రశ్న మనకంటే బాగా ఎవరికి తెలుసు? విశ్వనాథ నాయకుని కాలంలో, 16వ శతాబ్దంలో, మనవాళ్లు మదురైకి వచ్చి స్థిరపడ్డారు. కరిసల్ నేలల్లో పత్తి వేశారు, కోయంబత్తూరులో మిల్లులు పెట్టారు, మగ్గం నేశారు, తోలు కుట్టారు. అంగడిలో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో 42 లక్షలమందికి పైగా తెలుగు మాతృభాష అని రాయించారు. వారిలో ఎక్కువమందికి అక్షరం రాదు. ఉద్యోగానికి పనికిరాదు, మార్కులకు పనికిరాదు. 2006 చట్టం తరువాత బడిలో ఉన్న కొంచెం చోటుకూ కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. "ఇంకా ఈ తెలుగెందుకయ్యా, ఏం లాభం?" అని మనల్ని అడగనివాడు లేడు. మనం లాభం చూపి దీన్ని నిలుపుకున్నామా? మా అవ్వ అన్నం తినమని పిలిచే మాట గనుక నిలుపుకున్నాం. అలాంటి మనమే ఒక పిల్లవాడి దగ్గర నిలబడి "నువ్వు దేంట్లో దిట్ట?" అని అడుగుతున్నాం.

ఈ రెండు లెక్కలూ ఒకే ఇంట్లో కలిసినప్పుడు జరిగే అన్యాయం ఇంకా ఘోరం. బిడ్డకు మాట ఆలస్యమవుతుంది. చూపించుకోవడానికి పోతే, "ఇంట్లో ఎన్ని భాషలు మాట్లాడతారు? ఒక్కటే పెట్టుకోండి" అంటారు. ఏది పోవాలి? అరవం పోదు, ఇంగ్లీషు పోదు. తెలుగే పోతుంది. ఆ రోజునుంచి తెలుగు తప్ప వేరే రాని అవ్వ మనవడి దగ్గర నోరు విప్పకూడదు. తల్లి తనకు చేతకాని ఇంగ్లీషులో, వచ్చీరాని నాలుగు ముక్కల్లో కొడుకును బుజ్జగించాలి. మనుషులతో ముడి వేసుకోవడమే కష్టమైన బిడ్డకు, ఉన్న ముడుల్లో మెత్తనిదాన్ని కత్తిరించి దానికి వైద్యమని పేరు పెడతారు. ఈ సలహాకు ఆధారమేమిటి? మాంట్రియల్‌లో కేథరిన్ హాంబ్లీ, ఎరిక్ ఫాంబోన్ చేసిన పరిశోధన 2012లో అచ్చయింది. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలకు, ఒకే భాషలో పెరిగినవారికంటే మాట అదనంగా వెనకబడలేదని అందులో తేలింది. తరువాత వచ్చిన పరిశోధనలూ ఆ దారిలోనే ఉన్నాయి. శిక్షణ ఏ భాషలో సాగాలో నిపుణులు నిర్ణయించుకోనివ్వండి. అవ్వ నోరు మూయించే అధికారం వారికి లేదు. వెనక 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం రాసి, తల్లుల మనసు చల్లబడడం వల్లనే బిడ్డలు ఇలా అవుతారని నమ్మించాడు. ఒక తరం తల్లులు ఆ నింద మోశారు. ఇప్పుడు తల్లి భాష మీద నింద. సిద్ధాంతాలు మారుతున్నాయి, మోసేది మాత్రం తల్లే.

మన సంఘాలకు నా ఫిర్యాదు ఒకటున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021కి వేసిన అంచనా 127 మందిలో ఒకరికి ఆటిజం అని. మన 42 లక్షలకు ఆ లెక్కే వేస్తే 33,000 మంది. ఉగాది సభలో వీరిలో ఎందరిని చూశారు? వేదిక మీద ఏటా పదో తరగతి మార్కులకు బహుమతులిస్తాం. ఫోటో తీయించుకుంటాం. మార్కులు రాని బిడ్డను ఇంటికి తాళం పెట్టి ఎవరో ఒకరు కాపలా కాస్తూ ఉంటారు. ఇదే కోయంబత్తూరులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలుగురు 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగాన్ని ధర్మానికి రాశారు. ఆ పేరు చెప్పుకుని మురిసిపోయే సంఘాలు తమ సభలో ఐదో వంతు కుర్చీలు కూడా వీరికి వేయలేవా?

డబ్బు అక్కరలేని పని కూడా ఒకటున్నది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద, పద్దెనిమిదేళ్లు నిండిన ఆటిజం ఉన్నవారికి సంరక్షకుణ్ణి నియమించే అధికారం కలెక్టరు నాయకత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి ఉన్నది. ఆ పత్రం ఉంటే బ్యాంకు ఖాతా తెరవవచ్చు, నడపవచ్చు. రిజర్వు బ్యాంకు 2007లోనే ఈ సంగతి అన్ని బ్యాంకులకూ రాసింది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు నిరామయ బీమా ఉన్నది. ఈ కాగితాల సంగతి తెలియక, తాము పోతే బిడ్డ పేరున ఉన్న డబ్బు ఎవరి పాలవుతుందోనని కుమిలే తల్లిదండ్రులు నా కౌంటరు ముందు ఎంతమందో నిలబడ్డారు. రెండో శనివారం, నాలుగో శనివారం నాకు సెలవు. సంఘంవారు ఒక గది, ఒక బల్ల ఇస్తే ఆ ఉదయాలు కూర్చుని దరఖాస్తులు నింపిపెడతాను. బిడ్డలను వెంటబెట్టుకుని రమ్మని చెప్పండి. మైకు మాత్రం పెట్టవద్దు.