ఏడవ తరానికి కార్డు, మొదటి తరానికి ఊరు

మారిషస్ తెలుగువారి ఇళ్లలో ఈ మధ్య పండుగ కబుర్లతో పాటు కాగితాల కబుర్లు కూడా వినబడుతున్నాయి. 2024 మార్చిలో మన జాతీయ దినోత్సవానికి విచ్చేసిన భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, భారత సంతతికి చెందిన మారిషస్ పౌరులు ఏడవ తరం వరకు ఓసీఐ కార్డుకు అర్హులని ప్రకటించారు. మరుసటి ఏడు అదే నెలలో ప్రధాని నరేంద్ర మోదీ మన రాష్ట్రపతి ధరమ్ గోకుల్ దంపతులకు ఆ కార్డులను స్వయంగా అందజేశారు. 2025 జూలైలో ట్రినిడాడ్‌లోని భారత సంతతికి ఆరవ తరం వరకు ఇటువంటి వెసులుబాటే లభించింది. సాధారణ నియమం ప్రకారం ఈ అర్హత మునిమనుమల తరంతో దాదాపు ముగిసిపోతుంది. 1840లలో ఓడ దిగినవారి వారసులకు అది ఏనాడో మూసుకుపోయిన తలుపు. కనుక ఈ నిర్ణయాన్ని మనసారా స్వాగతించవలసిందే.

అయితే కార్డు ఇచ్చేదేమిటో, ఇవ్వనిదేమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. జీవితకాలం భారతదేశానికి వీసా లేకుండా వెళ్లి రావచ్చు. ఓటు హక్కు ఉండదు. ఇల్లు కొనవచ్చు గాని వ్యవసాయ భూమిని, తోటలను కొనరాదు. ఈ నిషేధం విదేశాలలో నివసించే భారత పౌరులకూ ఉన్నదే. అయినా చెరకు తోటలలో ఒడంబడిక కూలీలుగా పనిచేసినవారి సంతతి ఆ నియమాన్ని చదివినప్పుడు నవ్వాలో నిట్టూర్చాలో తెలియదు.

అసలు చిక్కు నిరూపణలో ఉంది. దరఖాస్తుదారు తన పూర్వికుని వరకు ప్రతి తరాన్నీ పత్రాలతో ముడివేయాలి. ఆ గొలుసుకు తొలి కొస మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస దస్తావేజులలో దొరుకుతుంది. 1834 నుండి ఈ ద్వీపానికి వచ్చిన దాదాపు 5 లక్షల మంది భారతీయ కూలీల వివరాలు వాటిలో నమోదయ్యాయి: పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఓడ, ఒక సంఖ్య. సంఖ్య దొరికితే తక్కిన పని సులువు. దొరకనప్పుడు పేరే ఆధారం. తెలుగువారికి కష్టం అక్కడే మొదలవుతుంది.

గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రోమన్ లిపిలో రాసుకున్నాడు. సన్యాసి సనాసీ అయ్యాడు, సింహాద్రి సిమాద్రీ అయ్యాడు. తండ్రి పేరు తరువాతి తరాలకు వంశనామంగా స్థిరపడగా, అసలు ఇంటిపేరు చాలా కుటుంబాలలో కాగితం మీదికి రాకుండానే మాసిపోయింది. గుడిలో జరిగిన పెళ్లిళ్లు పౌర నమోదుకు ఎక్కని ఇళ్లలో గొలుసు నడుమ తెగిపోతుంది. ఆ నష్టం ఎక్కువగా తల్లివైపు వంశానిదే.

ఊరి సంగతి మరింత జటిలం. మనవారిని ఇక్కడ "కొరంగీలు" అన్నారు. కోరంగి గోదావరి ముఖద్వారాన, నేటి కాకినాడకు చేరువలో ఉన్న పాత రేవు. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది. అయినా ఓడకు, మనుషులకు ఆ పేరే నిలిచింది. ఆ పేరు ఓడ ఎక్కిన చోటును చెబుతుందే తప్ప పుట్టిన ఊరిని చెప్పదు. కోరంగి అని విన్న వెంటనే గోదావరి జిల్లాలలో వెతకడం తొందరపాటు. విశాఖపట్నం జిల్లా అని రాసి ఉంటే అది నేటి విజయనగరమో అనకాపల్లో కావచ్చు, ఒడిశాలోకి వెళ్లిన కొండ ప్రాంతమూ కావచ్చు. గంజాం అని ఉంటే శ్రీకాకుళం వైపు కూడా చూడాలి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగింది కనుక నేటి పటం ఒక్కటే చాలదు. ఇంట్లో అప్పన్న, సింహాద్రి వంటి పేర్లు తరతరాలుగా వస్తుంటే అది సింహాచలం వైపు చూపే సూచన. సూచన మాత్రమే, సాక్ష్యం కాదు.

ఈ వెతుకులాట సాహిత్యంలోకీ ప్రవేశించింది. మన ద్వీపంలో పుట్టి ఫ్రెంచి భాషలో రాసే నతాషా అప్పన్న 2025 నవంబరులో ఫ్రాన్సులో ఫెమినా పురస్కారం పొందారు. పత్రికలు ఆ నవల గురించి విశేషంగా రాశాయి. మన పాఠకులకు ఆమె 2023లో ప్రచురించిన "లా మెమువార్ దెలావే" మరింత దగ్గరది. 1872లో ఆంధ్ర నుండి వచ్చిన తన పూర్వికులను ఆమె అందులో వెతుక్కున్నారు. ఆమె వంశనామాన్ని ఫ్రెంచి ఉచ్చారణతో కాక తెలుగులో పలికి చూడండి, సింహాద్రి అప్పన్న గుర్తుకు వస్తాడు.

2026 మార్చి 19న పరాభవ నామ సంవత్సర ఉగాది. సెలవు దినం కనుక బంధువులందరూ ఒకచోట చేరతారు. పంచాంగ శ్రవణం ముగిశాక, ఇంకా తెలుగు మాట్లాడే పెద్దమ్మనో తాతగారినో కూర్చోబెట్టి ముత్తాతల పేర్లు, ఊరి పేరు రెండు మూడుసార్లు పలికించండి. విన్న పేరును తెలుగు లిపిలోనే రాసుకోండి. ట, త, డ, ద, ళ, ల తేడాలు రోమన్ అక్షరాలలో నిలవవు, ఒక్క అక్షరం మారితే ఊరే మారిపోవచ్చు. మోకాకు వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి.